రమాయి పటంలో మనం చూస్తున్నది ఎవరిని?

భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి అందించిన గనుల పక్కన నందిని అనే ఊరు ఉంది. కొలిమిలో పడిన సున్నపురాయి ఖనిజంలోని మలినాన్ని తనలో కలుపుకొని చిట్టెంగా బయటికి తెస్తుంది. ఇనుము వేరవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో తరాలుగా ఉంటున్నాయి. పొరుగున ఉన్న మరాఠీ బౌద్ధుల నుంచి ఆ కుటుంబాలలో కొన్ని ధమ్మంతో పాటు ఒక పిలుపును కూడా నేర్చుకున్నాయి. రమాబాయి అంబేద్కర్‌ను వాళ్ళు ‘రమాయి’ అంటారు. ఆయి అంటే అమ్మ.

మూడేళ్ళ కిందట నందినిలో ఒక ఇంటి తగవుకు మమ్మల్ని పిలిచారు. భర్త కొడుతున్నాడని కోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది. పెద్దలు కూర్చొని ఆమెను తిరిగి పిలిపించారు. ముందుగదిలో గోడమీద మూడు పటాలున్నాయి: బుద్ధ భగవానుడు, బాబాసాహెబ్, రమాయి. పెద్దలలో ఒకాయన రమాయి పటం వైపు చెయ్యి చూపించి అన్నాడు: “ఆ తల్లి ముఖం చూడమ్మా. నలుగురు బిడ్డలను పోగొట్టుకుంది, పస్తులుంది, ఒక్కనాడూ నోరెత్తలేదు. ఆ ముఖంలో ఎంత ఓర్పు ఉందో చూడు. నువ్వూ కాస్త ఓర్చుకోవాలి.”

ఆ అమ్మాయి పటం వైపు చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది: “పెదనాన్నా, ఆవిడ నోరెత్తలేదని ఫోటోలో ఎలా తెలుస్తుంది? ఫోటోలో ఎవరి నోరైనా మూసే ఉంటుంది కదా?”

గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు, మా దగ్గరా లేదు. ఏటా ఫిబ్రవరి 7న రమాయి జయంతి సభల్లో ‘ఓర్పు నిండిన ఆ కళ్ళ’ గురించి మేమూ మాట్లాడినవాళ్ళమే. ఆ మాట అంతకుముందు ఎన్ని ఇళ్ళలో ఎవరి మెడకు చుట్టుకుందో మేము ఆలోచించలేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయి ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబు.

ముందు పటం దగ్గరికి వెళదాం. నందిని ఇంట్లో ఉన్నది రంగుల ముద్రణ. తలమీదుగా కప్పుకొన్న చీర కొంగు. నుదుట గుండ్రని కుంకుమ. మూసిన పెదవులు. నేరుగా మనవైపు చూస్తున్న కళ్ళు. పటం భుజాల కిందికి కాస్త వచ్చి ఆగిపోతుంది, చేతులు కనిపించవు. కనిపించేది ఇంతే. ఓర్పు, త్యాగం, దుఃఖం, మౌనం అని మనం చెప్పేవన్నీ ఈ జాబితాలో లేవు. అవి మనం కలిపినవి.

న్యాయశాస్త్రం చదివినవాళ్ళకు ఈ తేడా మొదటి పాఠాలలోనే వస్తుంది. సాక్షి తాను చూసింది చెప్పాలి, అనుకున్నది కాదు. పాత సాక్ష్య చట్టం పోయి 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఈ సూత్రం మారలేదు. ముఖకవళికలను న్యాయస్థానం పూర్తిగా పక్కన పెట్టదు కూడా. సాక్షి తీరుతెన్నుల గురించి న్యాయమూర్తి తన గమనికను రాసుకోవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 12వ రూలు చెబుతుంది. అయితే ఒక షరతు ఉంది. ఆ సాక్షిని విచారిస్తున్న సమయంలో కనిపించిన తీరు గురించే ఆ గమనిక. ప్రశ్న వేశాక ముఖం ఎలా మారింది, ఏ మాట దగ్గర తడబడింది అన్నది చూస్తారు. ఫోటోలోని మనిషిని మనం ఏ ప్రశ్నా అడగలేం. అటువంటి సాక్షి ముఖం చూసి తీర్పు చెప్పేయడం ఏ కోర్టులోనూ కుదరదు. మన ముందుగదుల్లో మాత్రం రోజూ కుదురుతోంది.

భగవానుడు ఈ మాటను ఇంకా లోతుగా చెప్పాడు. నారచీర కట్టుకున్న బాహియుడు సావత్థిలో భిక్షాటనలో ఉన్న బుద్ధుని ఆపి ధమ్మం చెప్పమని పట్టుపట్టిన కథ ఉదానంలో ఉంది. అక్కడ అతనికి దొరికిన ఉపదేశం చిన్నది: చూసినదానిలో చూసినంతే ఉండనివ్వు. కంటికి రూపం తగలడం, దాని నుంచి వేదన, దానికి పేరు పెట్టడం, ఆలోచన, చివరికి పపంచం, అంటే ఆలోచన మీద ఆలోచనగా మనసు అల్లుకుంటూ పోవడం. రమాయి పటం ముందు మనం నేరుగా పపంచంలోకి దూకుతున్నాం. మధ్యలో చూడడం అనే మెట్టు ఒకటి ఉందని మరచిపోతున్నాం.

ఇక ఆ ముఖం ఎందుకు అలా గంభీరంగా ఉందో చూద్దాం. ఫోటోగ్రఫీ తొలి దశాబ్దాల్లో బొమ్మ పడడానికి చాలాసేపు కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది, నవ్వును అంతసేపు నిలపడం కష్టం. రమాబాయి కాలానికి కెమెరాలు వేగం అందుకున్నా, ఫోటో అంటే జీవితంలో ఒకటి రెండుసార్లు జరిగే పెద్ద పని అన్న భావం పోలేదు. మన ఇళ్ళలో ఉన్న తాతల, అవ్వల పాత ఫోటోలు తీసి చూడండి. ఒక్కరైనా నవ్వుతున్నారా? వాళ్ళందరూ దుఃఖంలో ఉన్నారా? అది ఆ రోజుల్లో కెమెరా ముందు పాటించిన మర్యాద. ఆ మర్యాదను మనం మనోవేదనగా చదువుతున్నాం. పైగా మన గోడల మీది పటాల రంగులు ఆనాటి కెమెరావి కావు. నలుపు తెలుపు బొమ్మను చూసి తర్వాత ఎవరో చిత్రకారుడు దిద్దినవి. చీర రంగు, బుగ్గమీది నీడ, కంటిలోని తడి వంటివి ఏ పటంలో కనిపించినా, అవి ఆమె గురించి చెప్పేదానికన్నా ఆ చిత్రకారుడు ఆమెను ఎలా ఊహించాడో చెప్పేదే ఎక్కువ.

భిలాయి కర్మాగారం సోవియట్ దేశం సాయంతో కట్టినది, 1955లో ఒప్పందం జరిగింది. అదే దేశంలో అంతకు ముప్ఫై ఏళ్ళకు పైగా ముందు, సినిమా తొలినాళ్ళలో, లేవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక పరీక్ష చేశాడు. ఇవాన్ మొజుఖిన్ అనే నటుడి ముఖం, ఏ భావమూ లేనిది, ఒకే ముక్కను తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి పులుసు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ బొమ్మ అతికించాడు. చూసినవాళ్ళు ఆకలిని, దుఃఖాన్ని, కోరికను ఎంత బాగా నటించాడో అని మెచ్చుకున్నారట. ముఖం మారలేదు, పక్కన పెట్టిన బొమ్మ మారింది. మనం చేస్తున్నది ఇదే. రమాయి ముఖం పక్కన నలుగురు బిడ్డల మరణాన్ని పెట్టి చూస్తే దుఃఖం కనిపిస్తుంది. పిడకలు, పస్తులు పెట్టి చూస్తే ఓర్పు కనిపిస్తుంది. ఆ కష్టాలు నిజం. ఐదుగురు పిల్లలలో యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. గంగాధర్, రమేష్, ఇందు, రాజరత్న పోయారు. కానీ ఆ దుఃఖం మనకు తెలిసింది ఆమె జీవిత చరిత్ర నుంచి. ముఖం నుంచి కాదు. తెలిసినదాన్ని తీసుకెళ్ళి ముఖంలో పెట్టి, మళ్ళీ ముఖం నుంచే తీసినట్టు చెబుతున్నాం.

ఆమె ఉన్న మరొక ఫోటో చాలామంది చూసే ఉంటారు. 1934 ఫిబ్రవరిలో, దాదర్ హిందూ కాలనీలోని రాజగృహంలో తీసిన కుటుంబ చిత్రం. ఎడమ నుంచి వరుసగా కొడుకు యశ్వంత్, బాబాసాహెబ్, రమాబాయి, బాబాసాహెబ్ అన్నగారి భార్య లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్. వాళ్ళతో పాటు బాబాసాహెబ్ ముద్దుగా పెంచుకున్న కుక్క టాబీ. ఐదుగురిలో రమాబాయిది మూడో చోటు, సరిగ్గా మధ్య. ఒక పక్క భర్త, మరో పక్క తోడికోడలు. ఈ ఫోటో మనకు ఒక ఇంటిని చూపిస్తుంది. ఒంటరి త్యాగమూర్తి ఇందులో లేదు. భర్త విదేశాల్లో చదువుకుంటున్న రోజుల్లో ముంబైలో బతుకు ఈడ్చిన ఆ కుటుంబంలో ఆడవాళ్ళు ఒకరికొకరు తోడుగా నిలిచారు. ఒక్క ముఖాన్నే గోడమీద పెట్టుకున్నప్పుడు ఆ తోడు అంచు అవతల పడిపోయింది. లక్ష్మీబాయి పేరు మన సభల్లో ఎంతమందికి తెలుసు?

దుస్తుల సంగతికి వద్దాం. తలమీది కొంగును చూసి అణకువ అంటారు. అదే కొంగుకు మన చరిత్రలో ఇంకో అర్థం ఉంది. అస్పృశ్య స్త్రీ ఎంత పొడవు చీర కట్టాలో, ఏ లోహం నగలు పెట్టాలో కులమే నిర్ణయించిన దేశం ఇది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే 1859లో గానీ రాజాజ్ఞ రాలేదు. 1927 డిసెంబరులో మహాద్ సత్యాగ్రహ సభకు వచ్చిన స్త్రీలతో బాబాసాహెబ్ ప్రత్యేకంగా మాట్లాడింది ఈ విషయమే. కులాన్ని దూరం నుంచే పట్టించే ఆ కట్టును, ఆ బరువైన వెండి కడియాలను వదిలేయండి, చీరను నిండుగా కట్టుకోండి అని చెప్పారు. కాబట్టి నిండుగా కప్పుకొన్న ఆ కొంగు లొంగుబాటుకు గుర్తు అని మనం తేల్చేయలేం. ‘నా ఒంటిమీద ఏముండాలో ఇకపై నీ కులం చెప్పదు’ అన్న మాట కూడా అందులో ఉండవచ్చు. ఆమె మనసులో ఏముందో మనకు తెలియదు. కానీ ఈ రెండో అర్థం ఉండగలదని తెలిసీ మొదటిదే చెబుతూ పోతే, అది మనకు కావలసిన అర్థం కాబట్టి చెబుతున్నామని ఒప్పుకోవాలి.

కుంకుమ సంగతీ అంతే. ఆమె 1935 మే 27న కన్నుమూసింది. హిందువుగా చావనని బాబాసాహెబ్ యేవలాలో ప్రకటించింది అదే ఏడాది అక్టోబరు 13న. నాగపూర్ దీక్ష 1956 అక్టోబరు 14న. రమాబాయి బౌద్ధురాలు కాదు, కాలేని కాలంలో జీవించింది. పండరిపురం వెళ్ళి విఠోబాను చూడాలని ఆమె కోరింది. దళితులను గుడి బయట నిలబెట్టే చోటికి మనం వెళ్ళొద్దు, మన పండరిపురాన్ని మనమే కట్టుకుందాం అని బాబాసాహెబ్ అన్నారు. ఈ సంఘటనను మనం ఎప్పుడూ ఆయన జవాబు కోసమే చెబుతాం. ఆమె అడిగిన సంగతిని దాటిపోతాం. ఆమెకు తనదైన ఒక కోరిక ఉంది, దాన్ని నోరు తెరిచి భర్త ముందు చెప్పింది. ‘ఒక్కనాడూ నోరెత్తలేదు’ అనే మాటకు మన దగ్గరున్న ఈ ఒక్క కథే ఎదురు సాక్ష్యం. పాత పటంలోని కుంకుమను చూసి నొచ్చుకోనూ అక్కర్లేదు, దాన్ని తుడిచి పంచశీల జెండా దిద్దనూ అక్కర్లేదు. ఆమెను ఆమె కాలంలో ఉండనిద్దాం.

చేతుల విషయం చెప్పాలి. మన శిల్పంలో చేతికి భాష ఉంది. భూమిని తాకితే మారుని ఓటమి, అరచెయ్యి ఎత్తితే అభయం. బుద్ధరూపం ముందు పెరిగిన మన కన్ను ఫోటోలో కూడా ముద్రలు వెతుకుతుంది. శిల్పంలో ముద్రకు ఒక ఒప్పందం ఉంది. చెక్కినవాడికీ చూసేవాడికీ అది ముందే తెలుసు. ఫోటోలోని చేతికి అటువంటి ఒప్పందం లేదు. 1936 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో డొరొథియా లాంగే తీసిన వలస తల్లి చిత్రం ప్రపంచమంతటికీ తెలుసు. గడ్డం దగ్గర పెట్టుకున్న చెయ్యి, భుజాల మీద ముఖం దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ. ఆ చేతిలో లోకం ఒక తల్లి ఆందోళనంతా చదివింది. ఆమె పేరు మాత్రం నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ తెలియలేదు. 1978లో ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే చెరోకీ మూలవాసి స్త్రీ ఆ తల్లిని నేనేనని బయటికి వచ్చినప్పుడు, ఆ ఫోటో తీయనివ్వకుండా ఉండాల్సిందని బాధపడింది. ఇంకొక సంగతి. ఆ చిత్రం కింది మూలలో డేరా గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు ఉండేది. చూపు చెదురుతుందని దాన్ని చెరిపించారు. కథకు సరిపడని వేలు తీసేశారు, సరిపడే చెయ్యి ఉంచారు.

మన పటంలో రమాయి చేతులు మొత్తంగానే లేవు. దాభోళ్ రేవులో చేపల గంపలు మోసి బతికిన ఇంట్లో పుట్టి, తొమ్మిదేళ్ళకు భాయ్‌ఖళా మార్కెట్‌లో పెళ్ళయి, పొయ్యిలోకి పిడకలు చేసిన చేతులు. ధార్వాడలో బలవంతరావు వరాళే నడిపిన వసతి గృహంలో పిల్లలకు తిండి గింజలు లేవని తెలిసి, చేతి బంగారు గాజులు తీసి ఇచ్చిందని మన సభల్లో చెప్పుకుంటాం. ఆ కథలో ఉన్నది ఓర్చుకున్న మనిషి కాదు. ఆకలిని చూసి, ఎవరి అనుమతీ అడగకుండా, అప్పటికప్పుడు నిర్ణయం తీసుకున్న మనిషి. ఓర్పును ముఖంలో వెతికే మనం, నిర్ణయాన్ని ఆ చేతుల్లో ఎందుకు వెతకలేదు?

ఇక్కడ పెద్దాయన పక్షాన ఒక బలమైన వాదం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ‘థాట్స్ ఆన్ పాకిస్తాన్’ గ్రంథాన్ని 1940లో బాబాసాహెబ్ తన రాముకు అంకితం ఇచ్చారు. అందులో ఆమె మంచితనంతో పాటు, తమకు తోడెవరూ లేని లేమి రోజుల్లో తనతో కలిసి కష్టపడడానికి ఆమె చూపిన నిబ్బరాన్ని తలచుకున్నారు. భర్తే ఆమె సహనాన్ని మెచ్చుకున్నాక మనకు అభ్యంతరం ఏమిటి? అభ్యంతరం ‘తనతో కలిసి’ అన్నచోట ఉంది. వాళ్ళిద్దరినీ బాధపెట్టింది కులం, పేదరికం. దాన్ని ఇద్దరూ ఒకే వైపు నిలబడి మోశారు. కష్టాన్ని కలిసి మోయడం వేరు, కష్టం పెట్టేవాడిని మోయడం వేరు. మొదటిదానికి వచ్చిన మెప్పును తీసుకెళ్ళి రెండోదానికి తొడగడం మోసం. స్త్రీకి విడాకుల హక్కు, ఆస్తి హక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లును ముందుకు పోనివ్వలేదన్నది ప్రధాన కారణాల్లో ఒకటిగా 1951 సెప్టెంబరులో మంత్రి పదవి వదులుకున్న మనిషి ఆ 1934 ఫోటోలో ఆమె పక్కనే ఉన్నాడు. ఆమె పటాన్ని చూపించి దెబ్బలు తినే కోడలిని ఇంట్లో ఉంచాలనుకోవడం ఆ ఇద్దరికీ చేసే అవమానం.

అయితే పటాలు చదవడమే మానేయాలా? మా ఉద్దేశం అది కాదు. నాగార్జునకొండ మహాచైత్యం స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు సోదరి చాంతిసిరి పేరు ఉంది. అక్కడే ఉపాసిక బోధిసిరి తాను కట్టించినవి ఒక్కొక్కటిగా చెక్కించింది. వాళ్ళ ముఖాలు ఎలా ఉండేవో మనకు తెలియదు. వాళ్ళు ఏం చేశారో, ఎందుకు చేశారో వాళ్ళ పేరుమీదే నిలిచింది. రమాయి విషయంలో తలకిందులైంది. ముఖం ఇంటింటా ఉంది, ఆమె మాటలు మన దాకా వచ్చినవి చాలా తక్కువ. ఆ లోటును మన మాటలతో నింపి, అవి ఆమె కళ్ళు చెబుతున్నాయని అనుకోవడం సులువు. శాసనం చదివేవాడు అరిగిపోయిన అక్షరం దగ్గర చుక్కలు పెట్టి ముందుకు పోతాడు, సొంత అక్షరం చెక్కడు. పటం చదివేవాడికీ ఆ నిజాయితీ కావాలి. కనిపించింది ఇది, చరిత్ర చెప్పింది ఇది, మేము ఊహించింది ఇది అని మూడింటినీ వేరుచేసి చెప్పగలగాలి. నందిని రాయి కొలిమిలో చేసే పని అదే.

ఈసారి ఫిబ్రవరి 7న సభల్లో మాట్లాడేవాళ్ళకు మా మనవి ఒక్కటే. ఆ ముఖంలో ఏముందో చెప్పకండి. ఆమె ఏం చేసిందో చెప్పండి. ముఖం గురించి చెప్పక తప్పకపోతే, ముందుగా వింటున్న ఆడపిల్లలను అడగండి, వాళ్ళకు ఏం కనిపిస్తోందో.

ఆ తగవు సంగతి చెప్పి ముగిస్తాం. ఆ రోజు ఆ అమ్మాయి ఓర్చుకోవడానికి ఒప్పుకోలేదు. 2005 నాటి గృహహింస చట్టం కింద దరఖాస్తు రాయడానికి మేము సాయం చేశాం. ఇప్పుడు వేరే అద్దె ఇంట్లో కూతురితో ఉంటోంది. కిందటేడు వెళ్ళినప్పుడు చూశాం, ఆ ఇంటి గోడమీద కూడా రమాయి పటమే ఉంది. కింద తెల్ల కాగితం మీద ఆమె చేతిరాతతో ఇంతే రాసి అతికించింది: రమాబాయి అంబేద్కర్. ఊరు వణంద, దాపోలి దగ్గర. 1898 ఫిబ్రవరి 7 – 1935 మే 27.

త్యాగమయి అని గానీ, సహనమూర్తి అని గానీ రాయలేదు. కింద ఇంకా రాసుకోవడానికి చోటు మిగిల్చింది.